అడక్కుండా కట్టేది మన మంచికెలా అవుద్ది?



ఈ పోస్టు పెద్దదే. పొలం పని చూసుకుని, అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. మధ్యలో ఆపేసి కామెంటు మాత్రం పెట్టకండి, అంతా చదివాక తిట్టినా పర్లేదు.

మొన్న యూరియా కోసం ఎరువుల కొట్టు దగ్గర ఓ పదిమందిమి నిలబడ్డాం. ఒకాయన సెల్లులో వీడియో చూపించాడు. తెలంగాణలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఆడామగా రోడ్డు మీద కూర్చున్న వీడియో. పాతదే. అది చూసి మా బావ వరసాయన ఏమన్నాడో తెలుసా? "వీళ్ళకి బుద్ధి లేదు బావా. ఇంటికొచ్చిన లక్ష్మిని తరిమేసుకుంటన్నారు. అదే మన ద్రాక్షారామం పక్కన వచ్చిందనుకో, ఎకరం రేటు ఎక్కడికో పోద్ది. గడ్డి కొంటారు, నూకలు కొంటారు, కుర్రాళ్ళకి ఉద్యోగాలు. ఆ అదృష్టం మనకెందుకు రాదో" అన్నాడు. పక్కన నలుగురు తలూపారు.

నేనప్పుడు ఏమీ అనలేదు. రెండు కట్టలు బండి మీద వేసుకుని ఇంటికొచ్చేశాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తలూపిన నలుగురిలో ఇద్దరు శివారు రైతులు. దాళ్వాలో నీళ్ళందక కాలువ గట్టు మీద రాత్రుళ్ళు కాపలా పడుకునేవాళ్ళు. వాళ్ళే తలూపితే ఇంక ఎవరికి చెప్పాలి? అందుకే రాస్తున్నాను. బావా, ఇది నువ్వూ చదువుతావని తెలుసు. కోప్పడకు.

ఒక మాట ముందే చెప్తాను. మన ఊరికి ఫలానా ఫ్యాక్టరీ వచ్చేస్తోందని నేను అనట్లేదు. పుకార్లు పుట్టించడం నా పని కాదు. రాకముందే మాట్లాడుకోవాలి అంటున్నాను. వచ్చాక మాట్లాడితే ఏమవుద్దో ఆ వీడియోలో ఊళ్ళని చూస్తే తెలుస్తది.

మూడు ఊళ్ళ పేర్లు చెప్తాను, గుర్తు పెట్టుకోండి.

మొదటిది చిత్తనూరు. నారాయణపేట జిల్లా మరికల్ మండలం. అక్కడ ఇథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఏళ్ళ తరబడి ఆందోళన చేశాయి. అయినా ఫ్యాక్టరీ కట్టారు. 2023 అక్టోబరు 22న వ్యర్థాల ట్యాంకరు దగ్గర మొదలైన గొడవ లాఠీచార్జీ దాకా పోయింది. రైతుల మీద కేసులు పడ్డాయి.

రెండోది నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్. 2024 నవంబరు 26న ఊళ్ళకి ఊళ్ళు జాతీయ రహదారి మీద కూర్చున్నాయి. మాట్లాడ్డానికి వచ్చిన ఆర్డీఓ గారిని కారులోంచి గంటల తరబడి కదలనివ్వలేదు. ఆ మర్నాడు ఫ్యాక్టరీ పనులు ఆపేస్తున్నట్టు కలెక్టరు ప్రకటించారు.

మూడోది పెద్ద ధన్వాడ. జోగులాంబ గద్వాల జిల్లా రాజోలి మండలం, తుంగభద్ర పక్కన. 2025 జూన్ 4న కంపెనీ వాళ్ళు పనులు మొదలెట్టడానికి యంత్రాలతో దిగితే చుట్టుపక్కల ఊళ్ళ జనం వెళ్ళి అడ్డుకున్నారు. టెంట్లు, బళ్ళు ధ్వంసమయ్యాయి. అరెస్టులు జరిగాయి. అదే నెలలో అరెస్టయిన రైతుల్ని చేతులకి బేడీలు వేసి కోర్టుకి తీసుకెళ్ళారు. రాష్ట్రమంతా గోల అయ్యాక పోలీసుల్లో కొందర్ని సస్పెండ్ చేశారు. బేడీలు వేశారండీ రైతులకి. దొంగతనం చేసినవాళ్ళకి కాదు.

బళ్ళు తగలబెట్టడం, అధికారిని నిర్బంధించడం సరైన పని అని నేను అనను. నేనైతే చెయ్యను, మిమ్మల్నీ చెయ్యమనను. కానీ చేలో నడుం వంచి బతికేవాడు అంతదాకా ఎందుకెళ్ళాడో అడగాలా వద్దా? పార్టీలు అంటారేమో. చిత్తనూరులో లాఠీలు లేచింది ఒక ప్రభుత్వంలో, పెద్ద ధన్వాడలో బేడీలు పడింది ఇంకో ప్రభుత్వంలో. పార్టీ మారినా ఆ ఊళ్ళవాళ్ళ మాట ఒక్కటే: మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఎందుకు అడగలేదు? ఇక్కడే మనలో చాలామందికి తెలియని సంగతి ఉంది.

2006లో కేంద్రం పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ఒకటి ఇచ్చింది. దాని ప్రకారం పెద్ద ఫ్యాక్టరీ కట్టాలంటే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. మనం పబ్లిక్ హియరింగ్ అంటాం. ముప్పై రోజుల ముందు పేపర్లో ప్రకటన వెయ్యాలి. ఒకటి మన భాష పేపరై ఉండాలి. కలెక్టరు గానీ ఆయన తరఫున పెద్ద అధికారి గానీ కూర్చోవాలి. మొత్తం వీడియో తియ్యాలి. మనం లేచి మాట్లాడింది రాసి, చివర్లో మన భాషలో చదివి వినిపించాలి. మనం వద్దంటే ఆగిపోద్దని కాదు. కానీ మనం అడిగిన ప్రతి ప్రశ్న రికార్డులో ఉంటది. రేపు కోర్టుకెళ్ళినా ఆ కాగితం పనికొస్తది.

2021 జూన్ 16న కేంద్రం ఆ నోటిఫికేషన్ని సవరించింది. ధాన్యం, నూకలు, మొక్కజొన్న లాంటి గింజలతో పెట్రోల్లో కలిపే ఇథనాల్ మాత్రమే చేసి, చుక్క మురుగు బయటకి వదలని ఫ్యాక్టరీ అని రాసిస్తే, దాన్ని బీ2 అనే తరగతిలో పెట్టారు. బీ2 అంటే ఏంటి? పబ్లిక్ హియరింగ్ అక్కర్లేదు. ఊరిని అడగక్కర్లేదు. పేపర్లో ప్రకటన అక్కర్లేదు. జేసీబీ వచ్చి గట్లు చదును చేసిన రోజునే ఊరికి తెలుస్తది.

ఇథనాల్ ఒక్కటే కాదు. బయోమాస్ కరెంటు ప్లాంటు, అంటే ఊక, గడ్డి, పుల్ల తగలేసి కరెంటు తీసే ప్లాంటు, 15 మెగావాట్ల లోపు అయితే ముందస్తు పర్యావరణ అనుమతి కూడా అవసరం లేదు. మన రాష్ట్రంలో 2000 తర్వాత కట్టిన ఇలాంటి ప్లాంట్లు ఎక్కువ భాగం నాలుగు నుంచి ఆరు మెగావాట్లవే. ఆ లెక్కలో అన్నీ లోపలే.

అంటే "జీవ ఇంధనం", "గ్రీన్ ఎనర్జీ" అని పేరు పెడితే చాలు, మనల్ని అడిగే పని తప్పిపోతోంది. నా గొడవంతా దీని మీదే. ఇథనాల్ మీద నాకు పగ లేదు. నా బండిలో పోసుకునే పెట్రోల్లోనూ ఇథనాల్ ఉంది. మంచి పనే అయితే ఊరి ముందు చెప్పడానికి భయం దేనికి? పెళ్ళిసంబంధం మంచిదైతే అమ్మాయిని అడిగే చేస్తాం. అడక్కుండా రాత్రికి రాత్రి తాళి కట్టించేస్తుంటే, అబ్బాయి బంగారం అని మీరెంత చెప్పినా నేను నమ్మను.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్తాను. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గేసి.

నాకు సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. కౌలు చేను పక్కన ఒక బాయిల్డ్ మిల్లు ఉంది. పేరెందుకు, మనూళ్ళో తెలియనివాళ్ళెవరు. పడమర గాలి తిరిగిందంటే దాని గొట్టంలోంచి నల్ల బూడిద వచ్చి మీద పడతది. కళ్ళంలో ఆరబోసిన ధాన్యం మీద పడతది. ఆరేసిన బట్టల మీద పడతది. ఒక దాళ్వాలో ధాన్యం కొనేవాడు గింజలు అరచేతిలో నలిపి, చెయ్యి నాకు చూపించి, బస్తాకి ఇంత అని తగ్గించేశాడు. ఆ సంవత్సరం మక్తా కట్టాక నాకు మిగిలింది గడ్డే.

ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను. మూడుసార్లు అర్జీ రాసివ్వమన్నారు, ఇచ్చాను. నాలుగోసారి ఒక అధికారి ఫైలు తీసి నా ముందు పెట్టాడు. "మిల్లు కట్టేటప్పుడు మీ ఊరివాళ్ళు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టారు కదండీ, అప్పుడేం చేశారు?" అన్నాడు. చూస్తే ఆ కాగితం మీద పదకొండో సంతకం నాదే.

గుర్తొచ్చింది. పుంత రోడ్డు వేయిస్తారు, దానికి సంతకాలు కావాలి అని ఇంటికొచ్చి అడిగారు. పైన ఏం రాసుందో చదవలేదు. ఇంటర్ చదివినవాణ్ణి నేను. చదవడం రాక కాదు. మనోడే కదా అడుగుతున్నాడు, చదివితే ఏమనుకుంటాడో అని చదవలేదు. పుంత ఇప్పటికీ మట్టి రోడ్డే.

అది చిన్న మిల్లు. అలాంటిది రోజుకి రెండు లక్షల లీటర్లు తీసే ఫ్యాక్టరీ అయితే? ఇరవై నాలుగు గంటలూ బాయిలరు మండే కరెంటు ప్లాంటు అయితే? అప్పుడు నేను ఏ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరగాలి?

బావా, ఇప్పుడు నీ మాటలకి వద్దాం. ఒక్కొక్కటీ చూద్దాం.

"నూకలు కొంటారు, ధాన్యం రేటు పెరుగుద్ది" అన్నావు. లెక్క చెప్తాను, నువ్వే కాగితం మీద వేసుకో. 2024-25లో మామూలు రకం ధాన్యం మద్దతు ధర క్వింటా 2300 రూపాయలు. మన 75 కేజీల బస్తాకి 1725. ఆ బస్తా ఆడిస్తే యాభై కేజీల బియ్యం వస్తాయి. 2025 జనవరిలో ఎఫ్‌సీఐ బియ్యాన్ని ఇథనాల్ కంపెనీలకి ఎంతకిమ్మని కేంద్రం చెప్పిందో తెలుసా? క్వింటా 2250కి. యాభై కేజీలకి 1125. అంటే మన దగ్గర 1725కి కొన్న బస్తాలో బియ్యం, మిల్లు ఆడింపు, గోనె, గోడౌను ఖర్చులు కూడా మోసి, 1125కి కంపెనీకి పోయాయి. బియ్యం రేటు ధాన్యం రేటు కన్నా తక్కువ! మా నాన్న ఉంటే నమ్మేవాడు కాదు.

అంత చవగ్గా సర్కారు గోడౌన్లోంచి దొరికితే, కంపెనీవాడు మన కళ్ళంలోకొచ్చి ఎక్కువ రేటు ఎందుకిస్తాడు? పోనీ సర్కారు బియ్యం ఎప్పుడూ ఇస్తదా అంటే అదీ లేదు. 2023 జులైలో నిల్వలు తగ్గాయని ఇథనాల్‌కి బియ్యం ఆపేశారు. 2024లో మళ్ళీ ఒప్పుకున్నారు. ఢిల్లీలో ఒక కాగితం మారితే ఫ్యాక్టరీ ఆగుద్ది, ఇంకో కాగితం మారితే తిరుగుద్ది. అలాంటి దాన్ని నమ్ముకుని మన ధాన్యం రేటు పెరుగుద్దని కలలు కనడం ఎందుకు? మద్దతు ధర లేక 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే పెట్టారు. అప్పుడు మనం అడిగింది ఫ్యాక్టరీ కాదు, పెట్టుబడి గిట్టే రేటు.

"గడ్డి కొంటారు" అన్నావు. ఇది కొంచెం నిజం. ఒప్పుకుంటాను. కోత మిషన్లు వచ్చాక గడ్డి మనకి బరువైపోయింది. సార్వా కోసి దాళ్వాకి దమ్ము చెయ్యాలంటే టైము లేదు. నేను కూడా రెండుసార్లు చేలోనే తగలెట్టాను. ఆ పొగ పీల్చి మా మనవడు రాత్రంతా దగ్గాడు. తప్పు చేశాను. ఎవరైనా వచ్చి రేటు కట్టి గడ్డి పట్టుకెళ్తే మంచిదే.

కానీ రెండు సంగతులు చూడు. వరి నేలలోంచి తీసుకున్న పొటాషులో ఎక్కువ భాగం ఉండేది గింజలో కాదు, గడ్డిలో. ప్రతి పంటకీ గడ్డంతా బాయిలర్లోకి పోతే ఆ పొటాషు మళ్ళీ కట్టల్లో కొనాలి. గడ్డికిచ్చిన డబ్బు అక్కడికే పోద్ది. రెండోది, గేదెలు. మనూళ్ళో భూమి లేనివాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఒకటి రెండు పాడి గేదెల మీద బతుకుతున్నారు. వాళ్ళు గడ్డి కొనేది మన దగ్గరే. కంపెనీ లారీ వచ్చి గడ్డికి పోటీ పడితే ఆవిడ గేదెకి ఏం పెడతది? మన రాష్ట్రంలో చాలా బయోమాస్ ప్లాంట్లు మూతపడింది కూడా ఇందుకే. ప్లాంట్లు పెరిగేసరికి ఊక రేటు పెరిగింది, కరెంటుకొచ్చే రేటు చాలలేదు, గిట్టుబాటు కాక తాళం వేశారు. తాళం వేశాక వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ చుట్టుపక్కల పొలాలవాళ్ళు ఎక్కడికెళ్తారు?

"కుర్రాళ్ళకి ఉద్యోగాలు" అన్నావు. నాకూ ఒక కొడుకున్నాడు. డిగ్రీ చదివి హైదరాబాదులో రూములో నలుగురితో కలిసి ఉంటున్నాడు. ఇంటి దగ్గరే ఉద్యోగం వస్తే నాకన్నా సంతోషించేవాడు ఎవడు? కానీ ఇవన్నీ యంత్రాలతో నడిచే ఫ్యాక్టరీలు. లోపల నడిపే పని తెలిసినవాళ్ళని బయట నుంచి తెచ్చుకుంటారు. మన కుర్రాళ్ళకి గేటు దగ్గర సెక్యూరిటీ, లారీల దగ్గర ఎగుమతి దిగుమతి పని. అదీ కాంట్రాక్టరు కింద. కాదు, ఎక్కువే ఇస్తాం అంటే కాగితం మీద రాసి గ్రామసభలో చదవమను. ఎన్ని ఉద్యోగాలు, ఏ పని, ఎంత జీతం, మన మండలం వాళ్ళకి ఎన్ని. రాసిస్తే నేనే మొదటి చప్పట్లు కొడతాను.

"ఎకరం రేటు పెరుగుద్ది" అన్నావు. ఎవరికి పెరుగుద్ది? అమ్ముకుని వెళ్ళిపోయేవాడికి. సేద్యం చేసేవాడికి భూమి రేటు పెరిగితే ఏమొస్తది? మక్తా పెరుగుద్ది. మనలో సగం మందిమి కౌలుదార్లమే.

ఇక నీళ్ళు. ఇదే అన్నిటికన్నా పెద్దది.

మనది గోదావరి డెల్టా, నీళ్ళకేం కొదవ అని బయటోళ్ళు అనుకుంటారు. కంపెనీలు కూడా అదే అనుకుంటాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి అన్నం పెడుతోంది మన కాలువలే. కానీ దాళ్వా సంగతి మీకు తెలియదా? గోదావరిలో సొంతంగా వచ్చే నీళ్ళు చాలక సీలేరు నుంచి తెచ్చుకుంటున్నాం. అయినా వంతులు పెడుతున్నారు. పై రైతుకి తడి అందేసరికి కింద చేను నెర్రెలిస్తది. వెల్ల, వేగాయమ్మపేట, హసనబాద అనుకుంటూ బోదెల వెంట తిరిగి లస్కరుని బతిమాలుకోని రైతు ఉన్నాడా మనలో? ఏప్రిల్లో కాలువ కట్టేస్తే తాగే నీళ్ళ చెరువులు నింపుకోడానికే తంటా.

రోజుకి రెండు లక్షల లీటర్ల ఇథనాల్ తీసే ఫ్యాక్టరీకి అంతకి కొన్ని రెట్ల నీళ్ళు కావాలి. వాళ్ళకి వంతులుండవు. కాలువ కట్టేసిన రోజు కూడా బాయిలరు ఆగదు. అప్పుడు బోరు వేస్తారు. మన కింద నీళ్ళు ఎంత లోతులో తియ్యగా ఉన్నాయో, ఎక్కడ ఉప్పుగా మారతాయో బోరు వేసిన ప్రతివాడికీ తెలుసు. సముద్రం ఎంత దూరం మనకి?

వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? చుక్క బయటకి వదలం అని కాగితం మీద రాస్తారు. పంజాబులో జీరా దగ్గర మన్సూర్వాల్ కలాన్ అని ఒక ఊరు. ఇథనాల్ ఫ్యాక్టరీ వల్ల బోరు నీళ్ళు పాడయ్యాయని 2022 జులైలో రైతులు గేటు ముందు కూర్చున్నారు. చలిలో, పొగమంచులో నెలల తరబడి లేవలేదు. 2023 జనవరి 17న ఆ ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ముఖ్యమంత్రి స్వయంగా ప్రకటించాడు. బోర్లన్న చోట అంత గొడవైతే మన దగ్గర సంగతేంటి? మనకి పల్లపు నేల. ఏది వదిలినా మురుగు కాలువలోకే. తుల్యభాగ డ్రెయిన్లో గుర్రపుడెక్క తియ్యమని ఏళ్ళ తరబడి అడుగుతున్నాం. వానొస్తే ఆ నీళ్ళు ఎగదన్ని మళ్ళీ మన చేలోకే వస్తాయి. భీమేశ్వరుడి గుడి ముందు కోనేరుకి సప్తగోదావరి అని పేరు పెట్టుకున్నారు మన పెద్దలు. నీళ్ళకి అంత విలువిచ్చిన ఊరు మనది.

ఇంధనం విషయంలో అడక్కుండా పని చేస్తే ఏమవుద్దో తెలంగాణ నుంచో పంజాబు నుంచో నేర్చుకోనక్కర్లేదు మనం. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుంటే 65 రోజులు మండింది. రాత్రుళ్ళు ఇక్కడ మన డాబాల మీదకెక్కి ఆ వెలుగు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపు పగిలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. నిద్రలో ఉన్నవాళ్ళు, టీ కొట్టు తెరిచినవాళ్ళు. ఆ పైపు తమ ఇళ్ళ పక్కన ఏ స్థితిలో ఉందో వాళ్ళకి ఎవరైనా చెప్పారా? దేశానికి గ్యాసు కావాలి, నిజమే. దేశానికి ఇంధనం కావాలంటే మొదట నష్టపోయేది ఎప్పుడూ కోనసీమ, గోదావరి పల్లెలేనా?

ఇథనాల్ మన దగ్గరికి రాదులే అనుకోకండి. 2022 నవంబరు 4న గోకవరం మండలం గుమ్మళ్ళదొడ్డిలో బయో ఇథనాల్ ఫ్యాక్టరీకి అప్పటి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 270 కోట్లది. మన ఉమ్మడి జిల్లాలోనే. 2024 నవంబరులో రాష్ట్రంలో 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లకి ఒప్పందం అయింది. మొదటిదానికి 2025 ఏప్రిల్ 2న కనిగిరి దగ్గర దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో గడ్డి పెంచి గ్యాసు తీస్తాం అంటున్నారు. బీడులో చేస్తే నాకు అభ్యంతరం లేదు. ఆ ప్రాంత రైతుకి మంచి జరిగితే సంతోషం. కానీ రేపు ఎవడో ఒకడు మ్యాపు తీసి, వరిగడ్డి ఎక్కడుంది, నూకలు ఎక్కడున్నాయి, మిల్లులు ఎక్కడున్నాయి, కాలువ ఎక్కడుంది అని చూస్తే, వేలు వచ్చి పడేది రామచంద్రపురం, మండపేట, ద్రాక్షారామం మీదే.

"దేశానికి పెట్రోలు దిగుమతి తగ్గాలి కదా, నువ్వు దేశద్రోహివా" అని ఎవరో ఒకరు కామెంటు పెడతారు. పెట్టండి. పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం 2025లో చేరిపోయాం అని కేంద్రమే చెప్పింది. మంచిదే. పురుగు పట్టిన గింజలు, తినడానికి పనికిరాని నూకలు ఇథనాల్ చెయ్యండి. ఊరికి దూరంగా, పంట కాలువకి దూరంగా, ఊరి ముందు కూర్చుని వివరాలు చెప్పి కట్టండి. నేను అడిగేది అంతే. దేశానికి బియ్యం పెట్టిన చేతులివి. ఒక ప్రశ్న అడిగే హక్కు కూడా లేదా ఈ చేతులకి?

సరే, తిట్టడం అయింది. ఇప్పుడు చేసే పని చెప్తాను.

ఒకటి. తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. తమ్ముడడిగినా, సర్పంచి అడిగినా, పై నుంచి కింద వరకు చదివి, ఖాళీ ఉంటే గీత కొట్టి, తేదీ వేసి పెట్టండి. ఒక ఫొటో తీసుకోండి. నా పదకొండో సంతకం గుర్తుపెట్టుకోండి.

రెండు. గ్రామసభకి రండి. ఆగస్టు 15, అక్టోబరు 2 అంటే జెండా ఎగరేసి చాక్లెట్లు తినే రోజులు కావు. ఈసారి గ్రామసభలో ఒక తీర్మానం పెడదాం. మన పంచాయతీ పరిధిలో గింజలతో గానీ, గడ్డితో గానీ, ఊకతో గానీ ఇంధనం, కరెంటు చేసే ఏ ఫ్యాక్టరీకైనా అభ్యంతరం లేదన్న కాగితం ఇచ్చే ముందు గ్రామసభ పెట్టి నాలుగు ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. నీళ్ళు ఎక్కడివి, రోజుకి ఎన్ని? మురుగు, బూడిద ఎక్కడికి? గింజలు, గడ్డి ఎవరి దగ్గర, ఏ రేటుకి? ఉద్యోగాలు ఎన్ని, ఎవరికి? తీర్మానం పుస్తకంలో రాయించి, నకలు తీసుకుందాం. దాంతో ఫ్యాక్టరీ ఆగిపోద్దని నేను చెప్పను. కానీ రేపు ఏ అధికారైనా "అప్పుడేం చేశారు" అని అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉంటది.

మూడు. సమాచార హక్కు చట్టం వాడండి. 2005 నుంచి ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో అర్జీకి రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆ పైన పది. టీ ఖర్చు. మన చుట్టుపక్కల ఎక్కడ భూమి వినియోగం మార్చడానికి దరఖాస్తు పెట్టారో, ఏ ఫ్యాక్టరీకి అనుమతి అడిగారో అడగొచ్చు. నాకు రాయడం వచ్చు. ఎవరికి కావాలన్నా సాయంత్రం మా అరుగు మీదకి రండి, రాసిపెడతాను.

నాలుగు. రాళ్ళు వద్దు, నిప్పు వద్దు. రేపు నిజంగా జేసీబీ వచ్చినా వద్దు. ఒక్క రాయి పడితే మన ప్రశ్న పక్కకి పోయి కేసు ముందుకొస్తది. పెద్ద ధన్వాడ రైతులకి పడ్డ బేడీలు మన కుర్రాళ్ళ చేతులకి పడకూడదు. మనం ముందే మేలుకుంటే రాయి అవసరం రాదు.

బావా, ఇంత రాశాక కూడా ఫ్యాక్టరీ రావాలనే నీకనిపిస్తే తప్పులేదు. గ్రామసభకొచ్చి ఆ మాటే లేచి చెప్పు. నేను వినకుండా కూర్చోను. నీ మాటా, నా మాటా ఇద్దరివీ పుస్తకంలో పడనీ. ఊరు విని నిర్ణయించనీ. మన వెనకాల ఎక్కడో ఏసీ గదిలో మన చేను మీద వేలు పెట్టి "ఇక్కడ" అనే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు.

మీకు తెలిసిన విషయాలు కింద రాయండి. నేను ఎక్కడైనా లెక్క తప్పితే చెప్పండి, దిద్దుకుంటాను. మన పక్కూరి రైతులకి కూడా పంపండి, ముఖ్యంగా శివారు ఆయకట్టు వాళ్ళకి.

ఉంటానండి. పొద్దున్నే మా వంతు నీళ్ళు. బోదె దగ్గరికి వెళ్ళాలి.

మీ ద్రాక్షారామం రైతు